కరెంటు తెనాలిలో పోతే ముంబైలో పని ఎందుకు ఆగాలి?

కరెంటు పోయింది తెనాలిలో. ఆగిపోయింది ముంబైలో నడుస్తున్న ప్రోగ్రామ్.

మా తాతగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెల్లోంచి పాత వారపత్రికలు, పంచాంగాలు, దారంతో కుట్టుకున్న పద్యాల పుస్తకాలు బయటపడ్డాయి. కొన్ని కాగితాలు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. రెండేళ్ళు వేసవి సెలవుల్లో కూర్చుని అన్నీ స్కాన్ చేశాను. మొత్తం 4,318 పేజీలు. ఆ బొమ్మల్లోని అక్షరాలను టెక్స్టుగా మార్చాలి. ఆ పని చేసే టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌కి తెలుగు వచ్చు, అచ్చు బాగుంటే బాగానే చదువుతుంది. నా పాత ల్యాప్‌టాప్ మీద నడిపితే అరగంటకే వేడెక్కి నెమ్మదించేది. అందుకని నెల అద్దెకు ఒక సర్వర్ తీసుకున్నాను. అది ముంబైలో ఉంది.

ఆ రాత్రి పదిన్నరకు ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి నెట్ మీద వెళ్ళే పద్ధతి) లాగిన్ అయ్యి స్క్రిప్ట్ మొదలుపెట్టాను. పేజీకి ఆరు సెకన్లు పడుతోంది, అంటే ఏడు గంటల పైచిలుకు పని. పొద్దున లేచేసరికి అయిపోతుందని లెక్క వేసుకుని, ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంచి పడుకున్నాను.

లేచి చూస్తే స్క్రీన్ మీద లైన్లు కదలడం లేదు. ఎంటర్ నొక్కితే ‘బ్రోకెన్ పైప్’ అని వచ్చి నా ల్యాప్‌టాప్ ప్రాంప్ట్ కనబడింది. మళ్ళీ లాగిన్ అయ్యి లాగ్ ఫైలు తెరిచాను. చివరి లైను 2,071వ పేజీ, టైము 1:57. మా వీధిలో కరెంటు పోయింది మాత్రం 1:40కి. మా ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు నడుస్తాయి గానీ రౌటర్ ప్లగ్గు ఆ లైనులో లేదు. బ్యాటరీ మీద మేలుకునే ఉన్న ల్యాప్‌టాప్, వైఫై తెగిన టైము 1:40 అని రాసిపెట్టుకుంది కూడా.

మరి ఆ పదిహేడు నిమిషాలూ ఎక్కడివి? నాకు ఈ విషయం మీద పట్టు దొరికింది ఆ ప్రశ్న వెంట పడ్డాకే. సర్వర్ ఆరు సెకన్లకోసారి నా స్క్రీన్‌కి ఒక లైను పంపుతోంది. ఇటునుంచి ‘అందింది’ అన్న జవాబు రావడం లేదు. ఆ సర్వర్‌ని నడిపే లైనక్స్ అంత తొందరగా ఆశ వదులుకోదు. పంపిందే మళ్ళీ పంపుతుంది, కాసేపు ఆగి ఇంకోసారి పంపుతుంది, ప్రతిసారీ ఆగే వ్యవధి పెంచుకుంటూ పోతుంది. మామూలు సెట్టింగుల్లో పదిహేను సార్లు అలా ప్రయత్నించి, పావుగంట దాటాక గానీ కనెక్షన్ పోయిందని ఒప్పుకోదు. ఆ పావుగంటా నా ప్రోగ్రామ్ ఏమీ ఎరక్కుండా పేజీలు చదువుకుంటూనే ఉంది. కనెక్షన్ పోయిందని సర్వర్ నిర్ధారించుకున్న క్షణాన ప్రోగ్రామ్ ప్రాణం పోయింది.

సర్వర్‌లో కరెంటు పోలేదు, మెమరీ చాలకపోలేదు, ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. నేను లేనన్న ఒక్క కారణానికి దాన్ని ఆపేశారు. పైగా నా స్క్రిప్ట్ టెక్స్టంతా మెమరీలో పోగుచేసుకుని చివర్లో ఒక్కసారి ఫైలుకి రాసేలా ఉంది. కాబట్టి 2,071 పేజీల ఫలితమూ పోయింది. అది నేను చేసిన తప్పు, దాని సంగతి తర్వాత చెప్తాను.

లాగౌట్ అయ్యాక కూడా ప్రోగ్రామ్ నడవాలంటే ఏం చేయాలని ఎవరడిగినా మనం ఒక మంత్రం చెప్పి పంపేస్తాం. నోహప్ అనే కమాండ్ పెట్టు అంటాం, లేకపోతే టీమక్స్ అనే ప్రోగ్రామ్ వాడు అంటాం. ఆ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావని నా వాదన. నువ్వు లేనప్పుడు కూడా నీ పని జరగాలా, లేక నువ్వు తిరిగొచ్చేదాకా నీ కుర్చీ నీకోసం ఖాళీగా ఉండాలా? ఇవి రెండు వేర్వేరు కోరికలు. ఏది కావాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. మనం అది తేల్చుకోకుండా ఎంటర్ నొక్కేస్తున్నాం. నష్టమంతా అక్కడే మొదలవుతోంది.

అసలు ఈ ఆపేసే ఏర్పాటు ఎందుకు వచ్చిందో చెప్పాలి. లైనక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ పుట్టిన రోజుల్లో, కంప్యూటర్‌ని టెలిఫోన్ లైను మీద వాడేవాళ్ళు ఉండేవారు. ఇంట్లోనో ఆఫీసులోనో కమాండ్లు కొట్టి జవాబు చూసుకునే ఒక టెర్మినల్, దాన్ని ఫోన్ లైనుకి కలిపే మోడెమ్, అవతల ఎక్కడో కంప్యూటర్. ఫోన్ పెట్టేస్తే, లైను బతికుందని మోడెమ్‌కి చెప్పే క్యారియర్ సిగ్నల్ పడిపోతుంది. అప్పుడు కంప్యూటర్ ఏం చేయాలి? ఆ లైను మీద తర్వాత ఇంకెవరో ఫోన్ చేస్తారు. పాత మనిషి సెషన్ అలాగే తెరిచి ఉంటే కొత్తగా వచ్చినవాడు నేరుగా అతని ఫైళ్ళలోకి వెళ్ళిపోతాడు. అందుకని లైను తెగగానే ఆ టెర్మినల్ మీద ఉన్న ప్రోగ్రాములకు ‘ఫోన్ పెట్టేశారు’ అని కబురు చేయడం పద్ధతిగా పెట్టారు. ఆ కబురు పేరే సిగ్‌హప్. హప్ అంటే హ్యాంగప్. సిగ్నళ్ళ జాబితాలో దాని నంబరు 1. ఆ కబురు అందినప్పుడు ఏం చేయాలో ప్రోగ్రామ్ ముందే చెప్పుకోకపోతే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని ముగించేస్తుంది.

మోడెములు పోయి చాలాకాలమైంది. కానీ మన ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ చివర సర్వర్ కట్టే ఉత్తుత్తి టెర్మినల్ ఇప్పటికీ ఆ ఫోన్ లైను మర్యాదలే పాటిస్తోంది. ఆ రోజుకి అది సబబైన ఏర్పాటే. పాత ఏర్పాటు కాబట్టి చెడ్డదని నేను అనను. ఒకరి సెషన్ ఇంకొకరి చేతిలో పడకూడదన్న భయం ఈరోజుకీ న్యాయమైనదే. అయితే ఆ ఏర్పాటు ఊహించింది ఎదురుగా కూర్చుని పనిచేసే మనిషిని. రాత్రంతా నడిచే పనిని అప్పగించి పడుకునే మనిషిని కాదు.

మా పిన్నిగారబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

“అన్నా, సర్వర్‌లో కమాండ్ చివర్లో & గుర్తు పెట్టి, ఆ జాబ్‌ని, అదే ఆ పనిని, వెనక నడవమని వదిలేశా. మొన్న పొద్దునకల్లా శుభ్రంగా పూర్తయింది. నిన్న అదే కమాండ్, అదే సర్వర్. లేచి చూస్తే జాబ్ లేదు.”

“మొన్న టెర్మినల్ ఎలా మూశావ్?”

“ఎగ్జిట్ అని కొట్టి మూశా.”

“నిన్న?”

“నిద్రొస్తోందని విండో మీద క్రాస్ కొట్టేశా అన్నా.”

“తేడా అక్కడే ఉందిరా.”

వాడు నమ్మలేదు. రెండింటిలోనూ మూసింది మూయడమే కదా అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు కాబట్టి ఇది కాస్త నిదానంగా చెప్తాను. మనం కొట్టే కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్‌ని షెల్ అంటారు, బ్యాష్ అలాంటిదే. బ్యాష్‌లో ఎగ్జిట్ అని కొడితే షెల్ తన దారిన తాను వెళ్ళిపోతుంది. వెనక నడుస్తున్న పనులకు సిగ్‌హప్ పంపాలా వద్దా అన్నది హప్‌ఆన్ఎగ్జిట్ అనే సెట్టింగు మీద ఉంటుంది. అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అందుకే మొన్న వాడి జాబ్ బతికింది. క్రాస్ కొడితే కనెక్షనే తెగుతుంది. కెర్నెల్ ముందు షెల్‌కి సిగ్‌హప్ పంపుతుంది. షెల్ తాను పోతూ పోతూ, తన జాబితాలో ఉన్న పనులన్నిటికీ అదే కబురు పంపి పోతుంది. & గుర్తు ఆ పనిని వెనక్కి నెట్టిందే తప్ప జాబితాలోంచి తీసేయలేదు. కాబట్టి నిన్నటి జాబ్ పోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. జడ్‌షెల్ అనే ఇంకో షెల్ వాడేవాళ్ళకి ఎగ్జిట్ కొట్టినా ఇదే గతి. అది మామూలుగా వెళ్తూ వెళ్తూ అందరికీ సిగ్‌హప్ పంపుతుంది. కాకపోతే పనులు నడుస్తున్నాయని ఒకసారి హెచ్చరిస్తుంది. మ్యాక్‌లో 2019 నుంచి అదే మామూలు షెల్. కాబట్టి సర్వర్‌లో బ్యాష్‌తో అలవాటైన ధైర్యం మ్యాక్ మీద పనిచేయదు. ఒక్కోసారి బతికి ఒక్కోసారి పోయే పద్ధతి, ఎప్పుడూ పోయే పద్ధతికన్నా ప్రమాదకరం. రెండుసార్లు బతికితే మనిషి దాన్ని నమ్మడం మొదలుపెడతాడు.

ఇప్పుడు నోహప్ సంగతి. దాని మీద నాకు చాలా గౌరవం. అది చేసేది చాలా చిన్న పని. సిగ్‌హప్ వస్తే పట్టించుకోవద్దని ఒక గుర్తు పెట్టి, తన స్థానంలో మన ప్రోగ్రామ్‌ని కూర్చోబెట్టి తప్పుకుంటుంది. మన ప్రోగ్రామ్‌కి కాపలా ఉండదు. నడుస్తున్న ప్రోగ్రాముల (ప్రాసెస్‌ల) జాబితాలో వెతికితే నోహప్ అన్న పేరే కనబడదు. పట్టించుకోవద్దన్న ఆ గుర్తు ప్రోగ్రామ్ మారినా చెరిగిపోదు, పిల్ల ప్రాసెస్‌లకూ వారసత్వంగా అందుతుంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటే దాన్ని ‘నోహప్ డాట్ అవుట్’ అనే ఫైలుకి మళ్ళిస్తుంది. ఇది పైపై సౌకర్యం కాదు. చావు తప్పించుకున్న ప్రోగ్రామ్, లేని టెర్మినల్‌కి ఏదైనా రాయబోతే ఎర్రర్ వస్తుంది. చాలా ప్రోగ్రాములు ఆ ఎర్రర్‌తోనే కూలిపోతాయి. సిగ్నల్‌ని తప్పించుకుని ప్రింట్ లైను దగ్గర చచ్చిన స్క్రిప్టులు నేను చూశాను.

నోహప్ వాడిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు టెన్షన్ పడే సందర్భం ఒకటుంది. జాబ్ పెట్టి అరగంటయినా లాగ్ ఫైలు ఖాళీగా ఉంటుంది. పని జరుగుతోందా, వేలాడుతోందా తెలియదు. భయపడి చంపేసి మళ్ళీ మొదలుపెడతారు, మళ్ళీ అదే. కారణం బఫరింగ్. టెర్మినల్‌కి రాసేటప్పుడు పైథాన్ లాంటివి లైను పూర్తికాగానే బయటకు వదులుతాయి. ఫైలుకి రాసేటప్పుడు మాత్రం కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా దగ్గర పెట్టుకుంటాయి. లైనుకి ముప్ఫై అక్షరాలు రాసే స్క్రిప్ట్ అయితే వందల లైన్లు లోపలే ఉండిపోతాయి. పైథాన్‌ని మైనస్ యూ ఆప్షన్‌తో నడిపితే ఆ ఇబ్బంది ఉండదు. తెనాలి రాత్రి నా లాగ్‌లో 1:57 అని అంత కచ్చితంగా దొరికిందంటే, ఏ లైనుకి ఆ లైను వెంటనే బయటకు వచ్చేలా పెట్టుకున్నందుకే. లేకపోతే చివరి వందల లైన్లు ప్రాసెస్‌తోపాటే పోయేవి, ఎప్పుడు ఆగిందో కూడా తెలిసేది కాదు.

నోహప్ పెట్టడం మరిచిపోయి పని మొదలుపెట్టేశామనుకోండి, దారి లేకపోలేదు. కంట్రోల్ జెడ్ కొట్టి పనిని నిలిపి, బీజీ అని కొట్టి వెనక నడిపించి, డిసోన్ అని కొడితే షెల్ దాన్ని తన జాబితాలోంచి తీసేస్తుంది. పోతూ పోతూ పంపే కబురు దానికి అందదు. కానీ అవుట్‌పుట్ ఇంకా పాత టెర్మినల్‌కే కట్టి ఉంటుంది. ఇందాక చెప్పిన ప్రింట్ లైను ప్రమాదం పోలేదు. కాబట్టి ఇది ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే వైద్యం. రోజూ ఇలా చేస్తున్నామంటే ముందే ఆలోచించుకోవడం లేదని అర్థం.

ఇక టీమక్స్. దానికి ముందు స్క్రీన్ అనే ప్రోగ్రామ్ ఉంది. 1987లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఒలివర్ లౌమన్, కార్స్టెన్ బోర్మన్ మొదలుపెట్టారు. 2007లో నికొలస్ మారియట్ టీమక్స్ తెచ్చాడు. రెంటి కిటుకూ ఒకటే. మన షెల్‌ని నేరుగా ఎస్‌ఎస్‌హెచ్ టెర్మినల్‌కి కట్టకుండా, సర్వర్‌లోనే మధ్యవర్తిగా ఒక ప్రోగ్రామ్ కూర్చుని తనే ఒక టెర్మినల్ కట్టి దానికి తగిలిస్తుంది. మనం చూసేది ఆ మధ్యవర్తి చూపించే బొమ్మని. మన కనెక్షన్ తెగితే చూసే కన్ను పోతుంది గానీ లోపలి టెర్మినల్‌కి ఏమీ కాదు. కంట్రోల్ బి నొక్కి, వదిలి, డి నొక్కితే బయటికి వస్తాం. మర్నాడు ఇంకో ఊరినుంచి, ఇంకో కంప్యూటర్ నుంచి అటాచ్ అయితే కర్సర్ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. సగం టైప్ చేసి వదిలేసిన కమాండ్ సగంలోనే నాకోసం ఎదురుచూస్తోంది.

2012లో ఎంఐటీ నుంచి వచ్చిన మోష్ అనే రిమోట్ లాగిన్ ప్రోగ్రామ్ కూడా మంచిదే. నెట్‌వర్క్ మారినా, ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచినా కనెక్షన్ నిలబడుతుంది. కానీ ఆ ల్యాప్‌టాపే చెడిపోతే ఇంకో యంత్రం నుంచి ఆ సెషన్‌లోకి వెళ్ళలేం. అందుకే మోష్ వాడేవాళ్ళు కూడా లోపల టీమక్స్ నడుపుతుంటారు.

కూర్చుని చేయాల్సిన పనికి టీమక్స్‌ని మించింది లేదు. మధ్యలో ప్రశ్నలు అడిగే ఇన్‌స్టాలర్, డీబగ్ చేస్తున్న ప్రోగ్రామ్, సర్వర్ మీదే ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చడం, ఇలాంటివన్నీ దాంట్లోనే చేయాలి. ఉబుంటు అనే లైనక్స్ తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఎస్‌ఎస్‌హెచ్ మీద వెర్షన్ మార్చబోతే వాళ్ళ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ తనంతట తానే స్క్రీన్ లోపల నడుస్తుంది. పైగా మొదటి దారి మూసుకుపోతే లోపలికి రావడానికి 1022 పోర్టు మీద ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ తెరుస్తుంది. మధ్యలో తెగితే ఏమవుతుందో ముందే ఆలోచించినవాళ్ళు రాసిన ప్రోగ్రామ్ అది.

కానీ మనిషితో అవసరం లేని పనిని, ‘టీమక్స్‌లో పడేశా’ అని వదిలేసే అలవాటుతో నాకు పేచీ ఉంది. ఇదివరకు పనిచేసిన ఒకచోట పదిమందికీ ఒకే సర్వర్, ఒకే యూజర్ అకౌంట్ ఉండేది. ఒకరోజు డిస్క్ నిండిపోయింది. వెతుకుతూ పోతే టీమక్స్‌లో ‘0’ అనే పేరుతో ఒక సెషన్ దొరికింది. పేరు పెట్టకపోతే టీమక్స్ ఇచ్చే మామూలు నంబరు అది. లోపల ఒక స్క్రిప్ట్ నాలుగు నెలలుగా ఎక్కడినుంచో డేటా లాగుతూ లాగ్ రాసుకుంటోంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆపితే ఎవరి పని చెడుతుందో తెలియదు, ఆపకపోతే అందరి పనీ ఆగుతుంది. నలుగురం ఆ స్క్రీన్ చుట్టూ నిలబడి గంటసేపు చర్చించుకున్నాం. చివరికి ఆపాం. వారం తర్వాత తెలిసింది, అది పెట్టినాయన అప్పటికే ఉద్యోగం మారిపోయాడు.

ఆయన్ని తప్పుపట్టను. మేమందరం అలాగే చేసేవాళ్ళం. పని ఎవరిది, ఎందుకు, ఎప్పటిదాకా అని చెప్పడానికి టీమక్స్ సెషన్‌లో చోటు లేదు. యంత్రం రీస్టార్ట్ అయితే అది తిరిగి లేవదు. పని కూలిపోతే ఎవరికీ చెప్పదు. అవన్నీ దాని లోపాలు కావు, అవి దాని పనే కాదు. మనం తిరిగొస్తామన్న నమ్మకంతో కుర్చీ అట్టిపెట్టడమే దాని పని.

ఈ గొడవంతా 2016లో బయటపడింది. లైనక్స్‌లో సర్వీసులను, లాగిన్ సెషన్లను చూసుకునే ప్రోగ్రామ్ పేరు సిస్టమ్‌డీ. ఆ ఏడాది మే నెలలో వచ్చిన సిస్టమ్‌డీ 230వ వెర్షన్, కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అనే సెట్టింగును మామూలుగానే ఆన్ చేసింది. యూజర్ లాగౌట్ కాగానే అతని సెషన్‌లో మిగిలిన ప్రాసెస్‌లన్నీ పోవాలి. నోహప్ పెట్టినా, స్క్రీన్‌లో ఉన్నా, టీమక్స్‌లో ఉన్నా సరే. ఇక్కడ సిగ్‌హప్‌తో పనిలేదు. సెషన్‌లో పుట్టిన ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెల్ ఒక కట్టగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ కట్టనంతా ముగించేయడమే. నడుస్తూ ఉండాలంటే ఆ యూజర్‌కి లింగర్ అనే అనుమతి ఇచ్చి, ప్రోగ్రామ్‌ని సెషన్ బయట మొదలుపెట్టాలన్నారు. చాలామందికి కోపం వచ్చింది. డెబియన్ అనే లైనక్స్‌లో బగ్ రిపోర్ట్ పడింది, పెద్ద చర్చ నడిచింది, డెబియన్ తన ప్యాకేజీలో ఆ సెట్టింగును మళ్ళీ ఆఫ్ చేసింది.

సిస్టమ్‌డీ వాళ్ళ వాదనలో సత్తా లేదనను. డెస్క్‌టాప్ నుంచి లాగౌట్ అయ్యాక కూడా వెనక ఏవేవో మిగిలిపోయి, మళ్ళీ లాగిన్ అయితే తగువు పెట్టుకోవడం నిజంగా జరిగేది. కాలేజీ ల్యాబుల్లో వెళ్ళిపోయిన విద్యార్థి ప్రాసెస్‌లు తర్వాత వచ్చినవాడి మెమరీ తినడం మామూలే. వెళ్ళినవాళ్ళవి వెళ్ళిపోవాలని, ఉండాల్సినవి ఎవరో చెప్పి ఉంచాలని వాళ్ళన్నారు. ఆ రెండో సగంతో నాకు పూర్తి అంగీకారం. పైన చెప్పిన ‘0’ సెషన్ చూసినవాడిని, ఒప్పుకోకుండా ఎలా ఉంటాను?

నేను ఒప్పుకోనిది ఒక్కటే. నోహప్ అని టైప్ చేయడమంటే చెప్పి ఉంచడమే. యూజర్ స్పష్టంగా, దశాబ్దాలుగా నలిగిన మాటతో, నేను వెళ్ళినా దీన్ని ఆపొద్దు అని చెప్పాడు. టీమక్స్ మొదలుపెట్టినవాడూ ఆ మాటే ఇంకో రకంగా చెప్పాడు. మరిచిపోయి వదిలేసినదానికీ, కావాలని ఉంచినదానికీ తేడా సిస్టమ్‌కి తెలియలేదంటే ఆ లోటు పూడ్చుకోవాల్సింది సిస్టమే. యూజర్ తన అలవాటు మార్చుకునేదాకా అతని పనిని చంపుతూ ఉండటం న్యాయం కాదు. పాత ఒప్పందాన్ని మార్చాలంటే ముందు కొన్నేళ్ళు హెచ్చరించాలి. రాత్రి సిమ్యులేషన్ పెట్టి ఇంటికెళ్ళిన పరిశోధక విద్యార్థి, ప్యాకేజీ అప్‌డేట్ వెంట వచ్చే నోట్స్ చదవడు. వాడికి తెలిసేది పొద్దున పోయిన పనిని చూశాకే. ఆ పొద్దు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కానీ ఆ గొడవ పుణ్యమా అని సిస్టమ్‌డీ ఇచ్చే పనిముట్లను శ్రద్ధగా చూశాను. ఇప్పుడు అప్పగించే పనులన్నీ వాటితోనే చేస్తున్నాను. ఒక్క పూటకి సంబంధించిన పనికి సర్వీసు ఫైలు (పనిని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని కొందరు మిత్రులు అంటారు. ఫైలే అక్కర్లేదు. కమాండ్ ముందు సిస్టమ్‌డీ-రన్ అని, యూజర్ అనే ఆప్షన్ పెట్టి, పనికో పేరిస్తే చాలు, నోహప్ కన్నా ఒక్క లైను కూడా ఎక్కువ కాదు. ఆ పని నా షెల్‌కి పిల్ల కాదు, నా టెర్మినల్ దానికి తెలియదు. యూజర్ మేనేజర్ దాన్ని నడుపుతుంది. లింగర్ ఒకసారి ఆన్ చేసి ఉంచుకోవాలి, లేకపోతే ఆఖరి సెషన్‌తో ఆ మేనేజరే వెళ్ళిపోతుంది. లాగ్ అంతా సిస్టమ్‌డీ రాసుకునే జర్నల్‌లో టైముతో సహా పడుతుంది. ఫలానా పని నడుస్తోందా, ఎంత మెమరీ తింటోంది, ఎప్పుడు మొదలైంది, పోతే ఏ ఎర్రర్‌తో పోయింది అన్నీ పేరు పెట్టి అడగొచ్చు. ఇన్ని గంటలకు మించి నడవొద్దని గడువూ పెట్టొచ్చు. గడువు పెట్టిన పని నాలుగు నెలలు ఎవరికీ తెలియకుండా నడవదు.

యంత్రం రీస్టార్ట్ అయినా మళ్ళీ లేవాల్సిన పనికి మాత్రం సర్వీసు ఫైలు తప్పదు. సిస్టమ్‌డీ-రన్‌తో పెట్టినవి రీస్టార్ట్‌తో చెరిగిపోతాయి. పది పన్నెండు లైన్ల ఫైలు. దాంట్లో డిస్క్రిప్షన్ అనే లైను ఒకటుంటుంది. అందరూ దాన్ని దులిపేసుకుంటారు. నేను అక్కడ పని ఎవరిది, ఎందుకు, ఎప్పుడు తీసేయొచ్చో తెలుగులోనే రాస్తాను, అక్షరాలు చక్కగా కనబడతాయి. యూనివర్సిటీల్లో చాలా కంప్యూటర్లు కలిపి కట్టిన క్లస్టర్లలో అయితే ఈ మాటే వేరు. అక్కడ లాగిన్ యంత్రం మీద బరువైన పని పెట్టకూడదు, నోహప్‌తోనైనా టీమక్స్‌తోనైనా తప్పే. పనులను వరసలో పెట్టి నడిపే స్లర్మ్ లాంటి క్యూకి అప్పగించాలి. అప్పగించినప్పుడే ఎన్ని గంటలు, ఎంత మెమరీ అని అది అడిగి తీసుకుంటుంది. నాకు కావాల్సిన ప్రశ్నలు అవే.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఎన్ని ఏర్పాట్లు చేసినా పని ఆగే రోజు వస్తుంది. మెమరీ చాలక కెర్నెల్ చంపుతుంది, డిస్క్ నిండుతుంది, అద్దె సర్వర్‌ని రిపేరు పేరుతో రీస్టార్ట్ చేస్తారు. లాగౌట్‌ని తప్పించుకోవడం గురించి ఎంత మాట్లాడినా, ఆగిన పని ఎక్కడాగిందో అక్కడినుంచి అందుకోగలగడం దానికన్నా ముఖ్యం. ఇప్పుడు నా స్క్రిప్ట్ ఒక్కో పేజీకి ఒక్కో ఫైలు రాస్తుంది. ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకి మారుస్తుంది. పేరు మార్చడం మధ్యలో తెగే పని కాదు కాబట్టి, అసలు పేరుతో ఫైలు ఉందంటే అది పూర్తి పేజీయే. మొదలైనప్పుడు ఉన్న ఫైళ్ళను దాటేసి, లేనివాటితో మొదలుపెడుతుంది. మొత్తం మార్పు ఎనిమిది లైన్లు. మొదటి రాత్రే అవి ఉండుంటే 2,071 పేజీలూ దక్కేవి, పొద్దున మిగతా సగం నడుపుకునేవాణ్ణి.

రెండోసారి సర్వీసుగా పెట్టి, లాగౌట్ అయ్యి, ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టేశాను. ఆ రాత్రి మా దగ్గర కరెంటు పోలేదు. కానీ తెల్లవారుజామున సర్వరే ఒకసారి రీస్టార్ట్ అయింది. జర్నల్‌లో 4:06కి ఆగినట్టు, 4:08కి మళ్ళీ మొదలైనట్టు ఉంది. తర్వాత ‘3,344 పేజీలు ఉన్నాయి, దాటేస్తున్నాను’ అని నా స్క్రిప్ట్ రాసిన లైను, దాని కిందే 3,345వ పేజీ.

మొత్తం పూర్తయ్యాక తిప్పి చూశాను. పద్యాల పుస్తకాలు నేననుకున్నదానికన్నా బాగా వచ్చాయి, అరసున్నలు మాత్రం చాలాచోట్ల సున్నలైపోయాయి. వారపత్రికల్లో రెండు వరసలుగా అచ్చయిన పేజీల్లో ఎడమ వరస లైను చివర కుడి వరస లైను అతుక్కుపోయింది. వాటికి పేజీని విడగొట్టే పద్ధతి మార్చి ఇంకోసారి నడపాలి. అలాంటివి ఆరువందల పైన ఉన్నాయి. గంటన్నరలోపు పని, రెండు గంటల గడువు పెట్టి ఈ రాత్రికి అప్పగిస్తున్నాను.